ఎర్ర గుర్తుకూ ఇంటి తాళాలకూ మధ్య: మూసీ ఒడ్డున ‘ఆక్రమణ’ అనే మాట చేసే పని

2024 సెప్టెంబరు ఆఖరి వారంలో హైదరాబాద్ మూసీ ఒడ్డు బస్తీల్లోకి రెవెన్యూ సిబ్బంది రంగు డబ్బాలతో వచ్చారు. చాదర్‌ఘాట్ దగ్గరి మూసానగర్, శంకర్‌నగర్ మొదలుకొని లంగర్‌హౌస్, చైతన్యపురి, కొత్తపేట వైపు కాలనీల దాకా గోడల మీద ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాసుకుంటూ పోయారు. ఈ కట్టడం నది గర్భంలో ఉంది అని దాని భావం. నది హద్దు ఎక్కడి నుంచి కొలిచారు, ఏ సర్వే నంబరు, అభ్యంతరం ఉంటే ఎవరికి చెప్పుకోవాలి, ఇవేవీ ఆ గోడ మీద లేవు. కొన్ని కాలనీల్లో ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. సర్వే జరగనిచ్చేది లేదన్నారు. నీటి అంచున రేకుల ఇళ్లలో ఉన్నవాళ్లలో కొందరు డబుల్ బెడ్‌రూం ఇల్లు ఇస్తామన్న మాట మీద సామాను బండ్లకెక్కించి మలక్‌పేట పిల్లిగుడిసెల లాంటి చోట్లకు తరలిపోయారు. వాళ్లు కదలగానే ఆ ఇళ్లను కూల్చారు.

దీన్ని పేదలకూ అభివృద్ధికీ మధ్య తగాదాగా చెప్పడం తేలిక. లోపల నడిచేది మరొకటి. ఒక ఇంటిని ‘ఆక్రమణ’ అంటే అందులో ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఏమిచ్చినా దయ కింద ఇచ్చినట్టు. అదే ఇంటిని ‘ప్రాజెక్టు కోసం తీసుకుంటున్న ఆస్తి’ అంటే నోటీసు, విచారణ, పరిహారం, పునరావాసం అన్నీ చట్టం ప్రకారం చెల్లించాల్సిన బాకీలు. గోడ అదే, నేల అదే. ఏ పేరు పెట్టారన్నదే తేడా. అందుకే బస్తీవాళ్ల పోరాటంలో ధర్నా ఎంత ముఖ్యమో, ఆ పేరు మార్పించడం అంతకన్నా ముఖ్యం.

మూసీ ఒడ్డు ఖాళీ చేయించే ప్రయత్నం ఇది మొదటిది కాదు. 1990ల చివర ‘నందనవనం’ పేరుతో నది సుందరీకరణ తలపెట్టినప్పుడే బస్తీలు ఎదురు తిరిగాయి. అప్పట్లో తరలించిన కుటుంబాల కాలనీ కర్మన్‌ఘాట్ పక్కన ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. 2017లో మూసీ రివర్‌ఫ్రంట్ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. ప్రభుత్వం మారాక 2024లో అదే సంస్థ చేతుల్లో 55 కిలోమీటర్ల నదీ తీరం పెద్ద పథకంగా మారింది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఒక సభలో లక్షా యాభై వేల కోట్ల మాట అన్నారు. విమర్శలు వచ్చాక, ఇప్పటికి ఖరారైంది సలహా సంస్థలకు ఇచ్చే 141 కోట్లేనని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరాన్ని గమనించాలి. సవివర ప్రాజెక్టు నివేదిక చేతికి రాకముందే, ఏ గజం నేల దేనికి కావాలో కాగితం మీద తేలకముందే, గోడల మీద రంగు పడింది. పథకం ఏమిటో తెలియనప్పుడు ‘ఈ ఇల్లు దానికి అవసరమా’ అని అడగడానికి కూడా వీలుండదు.

ఇలాంటి పథకాల ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందన్నది రెండో చిక్కు. నది శుద్ధి చేస్తే డబ్బు రాదు. మురుగునీటి శుద్ధి కేంద్రాలకూ కరకట్టలకూ పోయేది ఖర్చే. రాబడి వచ్చేది ఒడ్డున ఉన్న నేల విలువ పెరిగినప్పుడు. నదికి ఎదురుగా కట్టే టవర్లు, హోటళ్లు, వినోద కేంద్రాలకు ఆ నేలను లీజుకో వేలానికో ఇచ్చినప్పుడు. ఏ రివర్‌ఫ్రంట్ సంస్థ లెక్కల పుస్తకమైనా ఈ రెండో పేజీ మీదే నిలబడుతుంది. అందువల్ల ‘నదిలో ఇల్లు ఉండకూడదు’ అన్న న్యాయమైన మాట, ‘నది పక్క నేల ఖరీదైన చేతుల్లోకి వెళ్లాలి’ అన్న వేరే మాటతో కలిసిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఆ రెండింటినీ విడదీసి చూపించడమే బస్తీ సంఘాలు చేయగలిగిన పెద్ద పని.

గీత ఎక్కడ మొదలవుతుంది

కొలత సంగతి వివరంగా చూడాలి, ఎందుకంటే సగం ఇళ్ల తలరాత అక్కడే తేలుతుంది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 భవన నిర్మాణ నియమాల ప్రకారం నగర పరిధిలో నది హద్దు నుంచి 50 మీటర్ల దాకా, నగరం బయటైతే 100 మీటర్ల దాకా కట్టడాలు కూడవు. పది హెక్టార్లు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు. చెరువుకు ఎఫ్‌టీఎల్ ఉంటుంది, అంటే నిండు నీటిమట్టం తాకే గీత. నదికి అలాంటిది స్థిరంగా ఉండదు. రెవెన్యూ పటంలో గీసిన హద్దు ఒకటి, పెద్ద వరద వచ్చినప్పుడు నీళ్లు చేరే గీత ఇంకొకటి, ఇప్పుడు కట్ట ఉన్న చోటు మరొకటి. ‘నది హద్దు’ అంటే ఈ మూడింటిలో ఏది? సమాధానాన్ని బట్టి ఒకే ఇల్లు నది గర్భంలోకి రావచ్చు, బఫర్‌లోకి, అంటే కట్టడాలు కూడని ఆ 50 మీటర్ల పట్టీలోకి రావచ్చు, పూర్తిగా బయటా ఉండవచ్చు.

నది గర్భంలో ఉంటే ప్రభుత్వం దాన్ని నేరుగా తొలగించగలనంటుంది. బఫర్‌లో ఉంటే కథ వేరు. బఫర్ అనేది కట్టడం మీద ఆంక్షే గానీ యాజమాన్యాన్ని రద్దు చేసే గీత కాదు. పట్టా ఉన్న నేల బఫర్‌లో ఉన్నా పట్టాదారుదే. 2012 కన్నా ముందు అనుమతి తీసుకుని కట్టిన ఇల్లు, తర్వాత వచ్చిన నియమం వల్ల ఒక్క రాత్రిలో అక్రమం అయిపోదు. చైతన్యపురి వైపు కాలనీల్లో రిజిస్ట్రేషన్, మున్సిపల్ అనుమతి, బ్యాంకు రుణం మూడూ ఉన్న ఇళ్ల మీద గుర్తులు పడ్డప్పుడు అంత ఆగ్రహం రావడానికి కారణం ఇదే. ప్రభుత్వ శాఖలే ముద్ర వేసి, పన్ను కట్టించుకున్న ఇంటిని మరో ప్రభుత్వ శాఖ ఆక్రమణ అంది.

వరద ముప్పు మాత్రం కల్పన కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు పదిహేను వేల మంది దాకా చనిపోయారని అంచనా. ఆ విపత్తు తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. 2025 సెప్టెంబరు చివర ఆ రెండు జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు నీళ్లు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి వచ్చాయి, మూసానగర్ వైపు ఇళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చింది. నది గర్భంలోని రేకుల ఇళ్లలో పిల్లలతో రాత్రి గడపడం ఎవరూ కోరుకోరు. కానీ వరదే కారణమైతే కొలబద్ద అందరికీ ఒకటే ఉండాలి. ఆ బస్ స్టేషన్ ఉన్నది నది పాయల మధ్య. ఎగువన జలాశయాల పరీవాహక ప్రాంతంలోని 84 గ్రామాల్లో కట్టడాలను అడ్డుకున్న 1996 నాటి జీవో 111ను సడలిస్తూ 2022లో జీవో 69 వచ్చింది. ఎగువన కాంక్రీటు పెరిగితే వాన నీరు ఇంకకుండా వేగంగా దిగువకు వస్తుంది. ఆ నీళ్లు తాకేది చాదర్‌ఘాట్ లాంటి దిగువ బస్తీలనే. బస్తీ సంఘాలు హైడ్రాలజీ నివేదిక, అంటే నీటి ప్రవాహపు లెక్కల నివేదిక, అడిగేటప్పుడు ఎగువ భాగపు లెక్క కూడా అందులో ఉందా అని అడగాలి.

సుప్రీంకోర్టు తీర్పులో ఉన్న చిన్న వాక్యం

2024 నవంబరు 13న సుప్రీంకోర్టు బుల్డోజర్ కూల్చివేతల మీద ఇచ్చిన తీర్పు దేశమంతా మారుమోగింది. రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు, ఇంటికి అతికించడం, 15 రోజుల గడువు, స్వయంగా చెప్పుకునే అవకాశం, కారణాలు రాసిన ఉత్తర్వు, ఆ ఉత్తర్వు తర్వాత మరో 15 రోజులు, కూల్చేటప్పుడు వీడియో, నియమం తప్పితే అధికారి జేబు నుంచే నష్టం కట్టడం. కానీ అందులోనే ఒక మినహాయింపు ఉంది. రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్కన, నది లేదా జలవనరు మీద ఉన్న అనధికార కట్టడాలకు ఈ మార్గదర్శకాలు వర్తించవు. మూసీ ఇళ్లకు ఎర్ర అక్షరాలు ఎంత పని చేస్తాయో ఇక్కడ కనిపిస్తుంది. ‘నది గర్భం’ అని ముద్ర పడగానే దేశంలోని అతి బలమైన రక్షణ ఒకటి చేజారుతుంది. కాబట్టి ఆ తీర్పును చూపించి నిశ్చింతగా ఉండలేం. ముందు ఆ ముద్రనే సవాలు చేయాలి.

అలాగని చేతిలో ఏమీ లేదని కాదు. ప్రభుత్వ భూమి ఆక్రమణ అంటే 1905 నాటి భూ ఆక్రమణ చట్టం కింద సెక్షన్ 7 నోటీసు ఇచ్చి, జవాబు విని, సెక్షన్ 6 కింద ఖాళీ చేయించే ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వు మీద అప్పీలు ఉంది. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ మీద ఉన్నవాళ్లకు కూడా జీవనోపాధి హక్కు ఉందని, ముందు వినిపించుకోవాలని చెప్పింది. అయితే పునరావాసాన్ని ఖాళీ చేయించడానికి ముందు షరతుగా పెట్టలేదు. ఆ తీర్పును ఉదహరించేవాళ్లు ఈ రెండో భాగాన్ని మరిచిపోతారు, కోర్టులో ప్రభుత్వ న్యాయవాది మరిచిపోడు.

మూసీ ఇళ్ల వాళ్లు వేసిన పిటిషన్ల మీద 2024 నవంబరులో తెలంగాణ హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వు అటూ ఇటూ చూసింది. నదిని కాపాడాలంది, సర్వేకు అడ్డుపడొద్దంది. ప్రభావితమయ్యే వారి సామాజిక-ఆర్థిక సర్వే చేసి తగిన వసతి కల్పించాలంది. పట్టా, శిఖం పట్టా (నీటి గర్భంలో ఉన్నా పట్టా ఉన్న) భూములైతే 2013 భూసేకరణ చట్టం ప్రకారమే తీసుకోవాలంది. ఈ చివరి వాక్యమే మూసీ బస్తీల చేతిలోని అతి పదునైన పనిముట్టు.

2013 చట్టం కిందికి వస్తే ఏం మారుతుందో చూడండి. ‘ప్రభావిత కుటుంబం’ అన్న నిర్వచనంలో యజమాని ఒక్కడే లేడు. పట్టణ ప్రాంతంలో మూడేళ్లు, అంతకన్నా ఎక్కువగా అక్కడ ఉంటున్న కుటుంబం, ఆ నేల మీద మూడేళ్లుగా బతుకుతెరువు ఉన్న కుటుంబం కూడా వస్తాయి. అంటే కిరాయిదారులు, గల్లీ మొదట్లో కుట్టు మిషను పెట్టుకున్నవాళ్లు కూడా. ఇల్లు పోతే పట్టణంలో కనీసం 50 చదరపు మీటర్ల కట్టిన ఇల్లు, ఏడాది పాటు నెలకు మూడు వేలు, రవాణాకు యాభై వేలు, పునరావాస భత్యంగా మరో యాభై వేలు రెండో షెడ్యూల్‌లో ఉన్నాయి. నేల విలువకు తోడు అంతే మొత్తం సొలేషియం, అంటే ఇష్టం లేకున్నా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు పరిహారం. పరిహారం మూడు నెలల్లో, పునరావాసపు డబ్బు భాగం ఆరు నెలల్లో చెల్లించాకే స్వాధీనం చేసుకోవాలి. తెలంగాణ డబుల్ బెడ్‌రూం ఇల్లు 560 చదరపు అడుగులు, అంటే దాదాపు 52 చదరపు మీటర్లు. కొలత సరిపోతుంది. మూసీ వాళ్లకు ప్రకటించిన 25 వేల రూపాయలు మాత్రం షెడ్యూల్ చెప్పే మొత్తం దగ్గరికి కూడా రావు. ఒక రక్షణ మాత్రం రాష్ట్రంలో పలచబడింది. తెలంగాణ తెచ్చిన సవరణ, 2017 నాటి 21వ చట్టం, కొన్ని రకాల ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. మినహాయింపు ఉత్తర్వు నిజంగా వచ్చిందా, గెజిట్‌లో ఉందా అని మొదట అడగాల్సింది అందుకే.

కాగితాలు ఎక్కడ తప్పుతాయి

గోడ మీద గుర్తు పడ్డ రోజున చేయాల్సిన మొదటి పని ఫొటో. తేదీ కనిపించేలా, పక్క ఇంటి నంబరు కూడా పడేలా. తర్వాత కొద్దిపాటి ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు తహసీల్దారుకు ఒకటి, నది సంస్థకు ఒకటి: ఆ సర్వే నంబరు పటం, నది హద్దు ఏ పటం ఆధారంగా గీశారు, ఆ ఇల్లు జాబితాలో ఏ వర్గంలో ఉంది. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే మొదటి అప్పీలు. దీన్ని ఇంటింటా విడివిడిగా వేస్తే మంచిది. సంఘం పేరుతో ఒక్కటే వేస్తే ‘సమాచారం విస్తారంగా ఉంది, ఆఫీసుకు వచ్చి చూసుకోండి’ అన్న జవాబు వస్తుంది.

ఆధారాల విషయంలో ఒక అపోహ చాలామందిని ముంచింది. నోటరీ కాగితం యాజమాన్య పత్రం కాదు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద నోటరీ ముద్ర పడితే ఇల్లు తమదైపోయిందని నమ్మి కొన్నవాళ్లు వేలల్లో ఉన్నారు. అయినా ఆ కాగితాన్ని పారేయకూడదు. యాజమాన్యాన్ని కాకపోయినా, ఫలానా ఏడాది నుంచి ఇక్కడ ఉన్నామని అది చూపుతుంది. 2013 చట్టంలోని మూడేళ్ల లెక్కకు కావలసింది అదే. దానికి తోడు పాత కరెంటు బిల్లు, నల్లా బిల్లు, ఇంటి పన్ను రసీదు, పిల్లల బడి చేరిక పత్రం, రేషన్ కార్డు, ఓటరు జాబితా పేజీ. వీటిలో తేదీ పాతదైన కొద్దీ విలువ. గూగుల్ ఎర్త్‌లోని పాత ఉపగ్రహ చిత్రాలు ప్రభుత్వమూ వాడుతోంది, ఇంటివాళ్లూ వాడవచ్చు. ఇల్లు ఏ ఏడాది చిత్రంలో మొదట కనిపిస్తుందో ప్రింటు తీసి పెట్టుకోవాలి. ప్రభుత్వ భూమిలో కట్టుకున్న ఇళ్లకు జీవో 58, 59 కింద క్రమబద్ధీకరణకు దరఖాస్తు పెట్టినవాళ్లు ఆ రసీదును బయటకు తీసేటప్పుడు కాస్త ఆలోచించాలి. ఆ దరఖాస్తులోనే ‘ఇది ప్రభుత్వ భూమి’ అని ఒప్పుకున్నట్టు ఉంటుంది. పట్టా భూమి అని వాదించేవాళ్లకు అది ఎదురు తిరుగుతుంది.

హైకోర్టులో రిట్ వేసినప్పుడు వచ్చేది ఎక్కువగా శాశ్వత స్టే కాదు. ‘చట్ట ప్రకారం నడుచుకోండి’ అనే ఆదేశంతో పిటిషన్ ముగించడం ఎక్కువ. బస్తీలో అది గెలుపుగా ప్రచారం అవుతుంది. ఇళ్ల ముందు బోర్డులు కూడా వెలుస్తాయి. దాని అసలు అర్థం, ప్రభుత్వం నోటీసు ఇచ్చి మళ్లీ రావచ్చు అని. ఆ నోటీసు ఏడు రోజులో పదిహేను రోజులో గడువు ఇస్తుంది. ఆ గడువులో ఆధారాలు జత చేసి రాతపూర్వక జవాబు ఇచ్చి, రసీదు తీసుకోకపోతే రెండోసారి కోర్టులో చెప్పడానికి ఏమీ మిగలదు. చాలా ఇళ్లు పోయేది మొదటి దెబ్బకు కాదు, ఈ రెండో వారంలో. ఫీజు భారం అనుకునేవాళ్లకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకూ ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెడతారు. ఇంటి తరఫున ఆడవాళ్ల పేరుతో పిటిషన్ వేయడానికి ఇది ఒక మంచి కారణం.

కిరాయిదారుల గురించి ఆగి చెప్పాలి. సర్వేలో గోడకు ఒక నంబరు, నంబరుకు ఒక ఇల్లు, ఇంటికి ఒక లబ్ధిదారుడు. ఒక గోడ వెనక మూడు కుటుంబాలు ఉన్నా తాళం ఒక్కటే వస్తుంది. అది ఇంటి ఓనరుకు పోతుంది, లేదా ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లకు పోతుంది. ఒకే బస్తీలో ఓనర్లూ కిరాయిదారులూ ఎదురెదురుగా నిలబడేలా చేసేది ఈ లెక్కే. సర్వే మొదలయ్యే ముందే సంఘం తనంతట తాను ఒక జాబితా రాసుకోవాలి: ప్రతి వంటగదికీ ఒక వరుస, అందులో ఎవరు, ఎన్నేళ్లుగా, కిరాయికా సొంతమా, పని ఎక్కడ. ప్రభుత్వ జాబితా వచ్చాక తన జాబితాతో సరిచూసి తేడాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. జాబితా లేని సంఘం కేకలు మాత్రమే వేయగలదు.

దూరం కూడా పరిహారంలో భాగమే. చాదర్‌ఘాట్‌లో ఉన్నవాళ్లకు బేగంబజార్‌లో కూలీ, మలక్‌పేటలో ఇళ్ల పని నడిచి వెళ్లే దూరం. నగరం చివర కొల్లూరు లాంటి చోట కట్టిన వేల ఇళ్లలో ఒకటి ఇస్తే రోజుకు రెండు బస్సులు, మూడు గంటలు. బడి సంవత్సరం మధ్యలో తరలిస్తే పిల్లల చదువు ఆగేది అక్కడే. లిఫ్టు, నీటి మోటారు ఖర్చు ఎవరు కడతారో ముందే రాయించుకోకపోతే రెండేళ్లలో లిఫ్టు ఆగిపోతుంది, పై అంతస్తుల్లో ముసలివాళ్లు దిగలేరు.

అహ్మదాబాద్‌లో సబర్మతి ఒడ్డున జరిగింది మూసీ వాళ్లకు నేరుగా పనికొచ్చే అనుభవం. అక్కడ 1997లోనే సంస్థ ఏర్పడింది. నది వెడల్పును అంతటా 263 మీటర్లకు కుదించి, దాదాపు 200 హెక్టార్ల కొత్త నేల పుట్టించారు. ఒడ్డున పదివేలకు పైగా కుటుంబాలు ఉన్నాయి. సబర్మతి నాగరిక్ అధికార్ మంచ్ 2005లో గుజరాత్ హైకోర్టుకు వెళ్లి, పునరావాస పథకం చూపించకుండా ఖాళీ చేయించవద్దని ఆదేశం తెచ్చుకుంది. ఆ తర్వాతి ఏళ్లలో వేల కుటుంబాలకు ఫ్లాట్లు వచ్చాయి. జాబితాలో పేరు లేనివాళ్లు మాత్రం పిప్లజ్‌లో పది అడుగులు బై పదిహేను అడుగుల ఖాళీ ముక్కల్లో, చెత్త డంపుకు దగ్గరలో, ఏళ్ల తరబడి మగ్గారు. అక్కడా తేడా తెచ్చింది పాత సర్వేల కాగితమే. ఆదివారం అంగడి వ్యాపారులు సంఘంగా కోర్టుకు వెళ్లి రివర్‌ఫ్రంట్ మీదే కొత్త చోటు దక్కించుకున్నారు. ఒడ్డున బతికినవాళ్లకు ఒడ్డునే చోటు అడగడం అసాధ్యం కాదని అది చూపించింది. మూసీలోనూ ఆ కోరిక గట్టిగా పెట్టాల్సి ఉంది.

తాళాలు తీసుకునే రోజున ఒక కాగితం మీద సంతకం అడుగుతారు. ‘స్వచ్ఛందంగా ఖాళీ చేస్తున్నాను’ అని అందులో ఉంటే, దాని కింద చేత్తో ‘అభ్యంతరంతో, మిగతా హక్కులు వదులుకోకుండా’ అని రాసి సంతకం చేయాలి. 2013 చట్టం కింద పరిహారం తీసుకునేటప్పుడు అభ్యంతరం తెలపకుండా తీసుకున్నవాళ్లు మొత్తం పెంచమని తర్వాత అడగలేరు. పరిహారం ఖరారు చేసే ఉత్తర్వును అవార్డు అంటారు. దాని మీద రిఫరెన్సు, అంటే తగవును విచారణకు పంపమని, కోరడానికి, అవార్డు ఇచ్చినప్పుడు ఎదుట ఉన్నవాళ్లకు ఆరు వారాలే గడువు. తాళాలతో పాటు ఇల్లు కేటాయించిన ఉత్తర్వు, అందులో ఆడవాళ్ల పేరు, బ్లాక్, ఫ్లాట్ నంబరు ఉన్నాయో లేదో అక్కడే చదివించుకోవాలి. ఉత్త తాళంతో వెళ్లినవాళ్లను ఏడాది తర్వాత ఎవరైనా మీ పత్రం ఏదని అడగవచ్చు.

ఇల్లు కూలాక కూడా ఒక పని మిగిలే ఉంటుంది, దాన్ని ఎవరూ చేయడం లేదు. ఖాళీ అయిన నేల సర్వే నంబరు గుర్తుపెట్టుకుని, ఆ నంబరు మాస్టర్‌ప్లాన్‌లో ఏ రంగులో ఉందో చూసుకోవాలి. నదీ తీరం, పచ్చదనం అని ఉన్న నేలను వాణిజ్య వినియోగానికి మార్చాలంటే ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి ప్రజల అభ్యంతరాలు అడగాలి. అది పత్రికల్లో చిన్న అక్షరాల ప్రకటనగా వస్తుంది, గడువు రోజుల్లోనే ముగుస్తుంది. వరద కోసమని ఖాళీ చేయించిన మూసానగర్ నేల మీద పార్కు వస్తుందా, పార్కింగుతో కూడిన టవరు వస్తుందా అన్నది ఆ ప్రకటనలోనే మొదట కనిపిస్తుంది. అప్పటికి అభ్యంతరం రాయాల్సినవాళ్లు పిల్లిగుడిసెలలో ఒకరు, కొల్లూరులో ఒకరుగా చెల్లాచెదురై ఉంటారు. బస్తీ సంఘం తన రిజిస్ట్రేషన్‌నూ సభ్యుల ఫోన్ నంబర్లనూ కూల్చివేతతో పాటు పోనివ్వకుండా కాపాడుకోవాల్సింది ఆ రోజు కోసమే.